మల్లికకు తీర్థం పోయాలా, వద్దా

శనివారం సాయంత్రం ఏడు గంటలకు నగరిలోని ఆ వీధిలో మరమగ్గాలన్నీ అరగంటసేపు ఆగుతాయి. ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినా ఆగని మగ్గాలు టీవీలో ‘మల్లిక మానేసింది’ పాట మొదలవగానే ఆగిపోతాయి. లుంగీలు నేసేవాళ్ళు చేతులకంటిన దూది దులుపుకుని వరదమ్మ ఇంట్లోకి వచ్చి కూర్చుంటారు. అందరి ఇళ్ళలోనూ టీవీలు ఉన్నాయి. కానీ మల్లికగా నటించేది వరదమ్మ కూతురు లోహిత కాబట్టి, ఆ ఇంట్లో చూస్తేనే చూసినట్టు.

మల్లిక అనే పిల్ల తాగుడుకు అలవాటు పడి, వైద్యం చేయించుకుని మానేసి, మళ్ళీ మామూలు మనిషిలా బతకడానికి పడే తిప్పలే ఆ కథ. చెబితే ఏడుపు కథలా ఉంటుంది గానీ చూస్తే పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. ఆ వారం మల్లిక ఒక పెళ్ళికి వెళ్ళింది. ఎవరు ఏ గ్లాసు ఇచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. రోజ్‌మిల్క్ వాసన చూసింది, మజ్జిగ వాసన చూసింది, వియ్యపురాలు ఇచ్చిన పాయసం కూడా వాసన చూసింది. మా పాయసంలో బల్లి పడిందనుకున్నావా అని వియ్యపురాలు అలిగింది. బల్లి అనే మాట విని పెళ్ళికొడుకు తాత తన గ్లాసు వాసన చూశాడు. ఆయనను చూసి పక్కనున్నవాళ్ళు చూశారు. చివరికి పెళ్ళివాళ్ళంతా ఎవరి గ్లాసు వాళ్ళు ముక్కుకు ఆనించుకుని అనుమానంగా నిలబడి ఉంటే, మల్లిక ఒక్కతే హాయిగా పాయసం తాగింది.

పక్కింటి గురవమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

“ఏం నటన అక్కా నీ కూతురిది! మొదట్లో ఆ గ్లాసు అందుకున్నప్పుడు సూసినావా, సెయ్యి ఎట్ల వణికిచ్చిందో? అచ్చం తాగుబోతోళ్ళ సెయ్యే. యాడ నేర్సుకునిందో ఏమో!”

“కంపెనీవోళ్ళే నేర్పిస్తారంట” అంది వరదమ్మ, టీవీ వైపే చూస్తూ.

“మా ఇంట్లో ఒకాయన ఉండాడు, ఎవురూ నేర్పకుండానే వణికిస్తాడు” అని గురవమ్మ తన మొగుడు మునిచంద్రను మోచేత్తో పొడిచింది. మునిచంద్ర వినిపించనట్టు లేచి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక చెంగల్రాయుడు గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకు డెబ్బై దాటాయి. వీధి చివరి పోలేరమ్మ గుడికి ఆయనే పూజారి. మిగిలిన రోజుల్లో ఆయన కూడా మగ్గం నేసేవాడే. వరుసకు వరదమ్మకు చిన్నాయన.

“వరదమ్మా, ఈ ఆడి నెలలో జాతర పెట్టేస్తా ఉండాము. నీ సాక మొక్కు బాకీ అట్లనే ఉండాది. పోయినేడు పిల్లకి వీలు గాలేదన్నావు. ఈ తూరి తప్పించేదానికి లేదు.”

“పిలిపిస్తా సిన్నాయనా.”

“కామెర్లు తగ్గి ఎన్నాళ్ళయింది! టీవీలో ఎగురుతా ఉండాది గదా బంగారంగా. వచ్చి అమ్మోరికి ఒక సీసా పోసి, గుక్కెడు తీర్థం తీసుకుని పోతే పాయె.”

ఆయన వెళ్ళిపోయాడు. వరదమ్మ గడప మీద అలాగే కూర్చుండిపోయింది.

లోహితకు కామెర్లు రాలేదు. అది వరదమ్మ వీధికి చెప్పిన మాట. లోహిత చెన్నైలో ఒక హోటల్లో ఉద్యోగం చేసేటప్పుడు తాగుడు మొదలైంది. ఉద్యోగం పోయింది, చేసుకుంటానన్న అబ్బాయి పోయాడు, తాగుడు మాత్రం మిగిలింది. ఒకసారి తనంతట తానే మానేసి, నగరికి వచ్చి అమ్మ దగ్గర ఉంది. మొహంలో కళ వచ్చింది అనుకుంటుండగా స్నేహితురాలి పుట్టినరోజున ఒక్క గుక్క తాగింది. ఆ ఒక్క గుక్క తర్వాత ఆమెను వెతికి పట్టుకోవడానికి వరదమ్మ చెన్నైలో తెలియని వీధులన్నీ తిరిగింది. చివరికి తిరుపతి దగ్గర ఒక వైద్య కేంద్రంలో చేర్పించింది.

చేర్పించి తిరిగి వచ్చిన రోజు వరదమ్మ బస్సు దిగి ఇంటికి కాదు, నేరుగా పోలేరమ్మ గుడికి వెళ్ళింది. చీర మొక్కుకోవచ్చు, కోడిని మొక్కుకోవచ్చు, పొంగలి మొక్కుకోవచ్చు. ఆమె నోటికి అవేవీ రాలేదు. “నా బిడ్డ తాగేదంతా నువ్వు తాగెయ్యి తల్లీ. అది మానేస్తే నీకు సీసా తెచ్చి సాక పోయిస్తాను” అంది. ఆ క్షణంలో ఆ మాటే సరైన మాటలా అనిపించింది. కూతురి నోటి దగ్గర నుంచి సీసాను లాక్కుని అమ్మవారి చేతికి ఇచ్చినట్టు ఉంది. చెంగల్రాయుడు పక్కనే దీపం వత్తి సరిచేస్తున్నాడు. ఏం మొక్కినావు అని అడిగితే, కూతురికి కామెర్లు, సాక మొక్కినానని చెప్పింది.

సాక అంటే అమ్మవారి ముందు సారా పోయడం. పోసే పద్ధతి వరదమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరి కోసం మొక్కారో వాళ్ళే తలస్నానం చేసి, తడిబట్టలతో వచ్చి, సొంత చేత్తో పోయాలి. సీసా అడుగున పూజారి కొంచెం మిగిలిస్తాడు. మొదటి గుక్క తాను తీసుకుని, రెండోది సాక పోసిన మనిషి దోసిట్లో పోస్తాడు. అది తాగితేనే మొక్కు తీరినట్టు. తెలిసి కూడా ఆ రోజు వరదమ్మకు అక్కడిదాకా ఆలోచన పోలేదు. తాగుడు మానినందుకు అమ్మవారి ముందు తాగాలి. ఈ సంగతి తట్టిన రోజు నుంచి ఆమెకు అన్నం సరిగ్గా సహించడం లేదు.

మర్నాడు పొద్దున లోహితకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పింది. అటు నుంచి పెద్ద నవ్వు వినపడింది.

“అమ్మా! తాగుడు మాన్పించమని సారా మొక్కినావా? ఎవురైనా వింటే నిన్ను తీసుకపోయి మా కేంద్రంలో పెడ్తారు.”

“నవ్వబాక మే. మొక్కు తప్పితే అమ్మోరు ఊరుకుంటాదా? మళ్ళా నీకేమన్నా అయితే?”

లోహిత నవ్వు ఆపింది. “సీసా పట్టుకోవడానికి భయం లేదమ్మా. పోసేస్తా. కానీ ఆ గుక్కెడు... నాకు గుక్కెడంటే గుక్కెడు కాదు. నీకు తెలుసు గదా.”

“తెలుసు కాబట్టే గదా నిద్ర పట్టల్యా.”

 తర్వాత లోహిత, “మోహన్‌కృష్ణ సారుకి చెప్తా. మల్లికకి ఈ కష్టం రాలేదు ఇంకా” అంది.

వైద్యం అయ్యాక లోహిత తిరుపతిలోనే గది తీసుకుని ఉండిపోయింది. మోహన్‌కృష్ణ నాటకాలు వేసే మనిషి. ఒక చానెల్ కోసం ఈ కథ తీయాలనుకుని, తాగుడు మానినవాళ్ళతో మాట్లాడడానికి ఆ కేంద్రానికి వచ్చాడు. అందరూ తలొంచుకుని చెబుతుంటే లోహిత మాత్రం తన అగచాట్లు చెప్పి ఆయనను నవ్వించింది. రాసుకుంటున్న కాగితాలు పక్కన పెట్టి, నువ్వే చెయ్యమ్మా ఈ వేషం అన్నాడు. అలా ఆమె మల్లిక అయింది.

కానీ ఈ మొక్కు సంగతి టీవీలోకి ఎక్కితే? సాక మొక్కినట్టు చెంగల్రాయుడికి తెలుసు. టీవీలో మల్లిక సారా సీసాతో అమ్మవారి ముందు నిలబడితే, కామెర్ల మాట ఏమవుతుంది? రెండు రోజులు ఆలోచించి వరదమ్మ పుత్తూరు మీదుగా తిరుపతి బస్సెక్కింది. అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకుని చంద్రగిరి వెళ్ళింది.

కోటకు అవతల ఒక పాత మిద్దె ఇంటిని షూటింగుకు అద్దెకు తీసుకున్నారు. వాకిట్లో వైర్లు పాముల్లా పడి ఉన్నాయి. లోపల అట్టలతో, వేపమండలతో చిన్న గుడి కట్టారు. అమ్మవారి మొహం మట్టితో చేశారు, పసుపు ఇంకా ఆరలేదు. వరదమ్మ ముందు చేతులెత్తి దణ్ణం పెట్టింది. తర్వాత అది అట్టల గుడి అని గుర్తొచ్చి, పెట్టిన దణ్ణం పెట్టినట్టే ఉండనీ అనుకుంది.

లోహిత తడిబట్టలతో నిలబడి ఉంది. ఒక కుర్రవాడు సీసా తెచ్చి ఇచ్చాడు. లోహిత మూత తీసి వాసన చూసి, తల ఊపింది. వరదమ్మ చటుక్కున ముందుకు అడుగేసింది.

“డికాక్షనమ్మా, పాలు పొయ్యని టీ” అని లోహిత దూరం నుంచే నవ్వింది. “సీసా కూడా కొత్తది. ఎప్పుడూ మందు పొయ్యనిదే తేవాలని మొదటి రోజే సారు దగ్గర మాట తీసుకున్నా.”

మల్లిక తల్లి వేషం వేసే ఆమె ముందుకొచ్చి, “నా బిడ్డ తాగేదంతా నువ్వు తాగెయ్యి తల్లీ” అంది. తన మాట ఇంకొకరి నోట విని వరదమ్మకు ఒళ్ళు జలదరించింది. అంతలోనే టీవీ పూజారి, “అమ్మోరు ఏం తాగుతాదో అడక్కుండానే మొక్కినారా? ఏ కంపెనీదో చెప్పినారా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఫక్కున నవ్వారు. వరదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చినందుకు ఆమెకు ఎంత సిగ్గేసిందంటే, కళ్ళు మూసుకుని అట్టల అమ్మవారికి లెంపలేసుకుంది.

భోజనాల వేళ మోహన్‌కృష్ణ కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేసుకున్నాడు. వయసు నలభై లోపే, గడ్డం మాత్రం అక్కడక్కడ నెరిసింది.

“అమ్మా, మీరు వద్దంటే ఆపేస్తాను. మీ ఇంటి సంగతి ఇది” అన్నాడు.

“ఆపాలనే వచ్చినా నాయనా.” వరదమ్మ కూతురి వైపు చూసింది. “వీధికంతా తెలిసిపోతాది మే. రేపు నిన్ను ఎవురు సేసుకుంటారు?”

“తెలియకుండా సేసుకున్నోడు తెలిసినాక ఏం సేస్తాడు?” అంది లోహిత, పెరుగన్నం కలుపుతూ. “నేను ఒకటి చెప్తా వినమ్మా. కేంద్రంలో ఉన్నప్పుడు నాకు రాత్రీ పగలూ భయం. మళ్ళీ తాగేస్తానేమోనని. ఆ భయానికే తాగాలనిపించేది. ఇక్కడ అదే భయాన్ని పది మంది ముందర నవ్వులాటగా చేసి చూపిస్తా ఉంటే, అది ఇంత పిసరయిపోతా ఉంది. నువ్వు మాత్రం ఇంగా దాన్ని మూట కట్టి పెట్టుకుని ఉండావు.”

వరదమ్మ అప్పడం ముక్కను విరిచి విరిచి పొడి చేసింది.

“సరే, తీసుకోండి” అంది చివరికి. “మొదలంటే మా ఇంట్లోనే జరిగింది. మల్లిక కడాకు ఏం సేస్తాది? తాగుతాదా, తాగదా?”

మోహన్‌కృష్ణ తల గోక్కున్నాడు. “అదే తెలీక కూర్చున్నానమ్మా. తాగిస్తే పిల్ల పాడవుతుంది. తాగనివ్వకపోతే అమ్మవారికి అపచారం చేసినామని చూసేవాళ్ళు గొడవ చేస్తారు. మీ వీధిలో అయితే ఏం చేస్తారు, మీరే చెప్పండి.”

“నాకు తెలిస్తే నేనేంటికి రెండు బస్సులు మారి ఈడికి వస్తా నాయనా?”

అన్నాల దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. మోహన్‌కృష్ణ గబగబా లేచి, మల్లిక తల్లి వేషం వేసే ఆమెను పిలిచి, “ఆ మాట అచ్చం అట్లే అనండి” అన్నాడు. ఆ మాటతోనే ఆ వారం కథ ఆపేశాడు. ముగింపు తర్వాతి వారం తీస్తామన్నాడు. ఆలోచించుకోవడానికి ఆయనకు కొంత సమయం దొరికింది. వరదమ్మకు మాత్రం దొరకలేదు. వచ్చే ఆదివారమే జాతర.

శనివారం వచ్చింది. టీవీలో పోలేరమ్మ వస్తుందని తెలిసి ఆ రోజు చెంగల్రాయుడు కూడా వరదమ్మ ఇంటికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మొదలైనప్పటి నుంచి టీవీ పూజారిని తప్పు పడుతూనే ఉన్నాడు.

“ఎవుర్రా వీడు? హారతి ఎడమ సేత్తో ఇస్తా ఉండాడు.”

“సిన్నాయనా, రవంత సేపు గమ్మునుండు” అంది గురవమ్మ.

తెరమీద మల్లిక తల్లి మొక్కింది. ఏ కంపెనీదో చెప్పారా అని పూజారి అడిగాడు. ఇల్లంతా ఘొల్లుమంది. మల్లిక తడిబట్టలతో సీసా వంచి సాక పోసింది. పూజారి అడుగున మిగిల్చి, దోసిలి పట్టమన్నాడు. మల్లిక దోసిలి పట్టింది. చేతులు దగ్గరగా చూపించారు. పది వేళ్ళూ వణుకుతున్నాయి. ఎవరూ నవ్వలేదు. సీసా మూతి దోసిలి మీదికి వంగింది. మల్లిక తల్లి వైపు తిరిగి, “ఏం చెయ్యాలమ్మా?” అంది. “నాకు తెలిస్తే నేనేంటికి రెండు బస్సులు మారి ఈడికి వస్తా?” అంది తల్లి. పాట వచ్చేసింది.

“ఓరి పాపిష్టోళ్ళారా! ఈడ ఆపేస్తారా ఎవురైనా!” అని గురవమ్మ టీవీని తిట్టింది.

ఎవరూ లేవలేదు. మగ్గాలు మొదలు కావాల్సిన వేళ దాటిపోయింది. ఒకరు తాగాలి అన్నారు, ఒకరు తాగకూడదు అన్నారు. ఒకామె వేలితో నాలుకకు రాసుకుంటే చాలదా అంది. ఆ వేలు రాసుకోవడంతోనే మా తమ్ముడు పాడైపోయినాడు అని ఇంకొకామె ఏడుపు గొంతుతో అంది.

గురవమ్మ చెంగల్రాయుడి వైపు తిరిగింది. “సిన్నాయనా, నువ్వు సెప్పు. మల్లికకి తీర్థం పోస్తావా, పొయ్యవా?”

“టీవీ పిల్లకి నేనేంది పోసేది? ఆ ఎడమసేతి పూజారి పోస్తాడు.”

“అట్ల తప్పించుకోబాక. మన గుడికే వచ్చిందనుకో.”

చెంగల్రాయుడు భుజం మీది తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. టీవీలో కథకు తీర్పు చెప్పమంటున్నారని నవ్వేసి లేచిపోవచ్చు. ఆయన లేవలేదు.

“పొయ్యను” అన్నాడు.

“అదేంది?” అన్నాడు మునిచంద్ర. “మొక్కు మొక్కే గదప్పా. మనిషిని బట్టి మారుతాదా?”

“ఆ దోసిలి సూసినావా? అట్ల వణికే సేతుల్లో పోసేదానికి నాకు సెయ్యి రాదు.”

“టీవీలో వణికితే నిజంగా వణికినట్టా? లోహిత నటన అది. నువ్వు గూడా నమ్మేస్తే ఎట్ల?”

వరదమ్మ టీవీ పక్కన నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి నీళ్ళు తెస్తానని చెప్పి తప్పించుకోవాలని ఒక అడుగు వేసింది కూడా. మళ్ళీ వెనక్కి వచ్చింది.

“నిజంగానే వణికినాయి మునిచంద్రా” అంది.

మునిచంద్ర అర్థం కానట్టు చూశాడు.

“కామెర్లు కాదు. తాగుడు. చెన్నైలో అలవాటయింది. తిరుపతిలో వైద్యం చేయిస్తే మానేసింది. ఆ మొక్కు మొక్కింది నేనే, టీవీలో ఆయమ్మ అన్న మాటే అన్నాను. రేపు ఆదివారం అది వచ్చి ఈడ సాక పోస్తాది. ఆ గుక్కెడు తాగితే నా బిడ్డ నాకు మిగలదు సిన్నాయనా. మల్లికకి పొయ్యనంటివి. లోహితకి పొయ్యనని గూడా సెప్పు.”

వీధి మొత్తం ఆ గదిలోనే ఉంది. వరదమ్మ తల దించలేదు. తిట్టేవాళ్ళు ఎవరో తిట్టనీ, తర్వాత నిద్రన్నా పడుతుంది అనుకుంది.

మొదట నోరు తెరిచింది గురవమ్మ.

“అంటే అది నటన కాదా?”

“కొంచెం నటన గూడా ఉండాది.”

“ఇన్నాళ్ళూ నేను నోరు నొప్పి పుట్టేదాకా పొగుడుతా ఉంటే, కంపెనీవోళ్ళు నేర్పిస్తారని సెప్తివే అక్కా! పక్కింట్లో ఉండి నాకు గూడా సెప్పల్యా!” గురవమ్మ గొంతులో కోపం నిజంగానే ఉంది. అది లోహిత తాగినందుకు కాదని, తనకు చెప్పనందుకని వరదమ్మ గ్రహించింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

మునిచంద్ర మాత్రం ఇంకా పట్టు వదల్లేదు. “పాపం, పిల్ల కష్టం పిల్లదే. కాదనను. కానీ సాక పోసి తీర్థం తాగకపోతే రేపు వీధికి ఏమన్నా అయితే? ఏటా మొదటి గుక్క నువ్వే తాగుతావు గదా. నువ్వు తాగి ఆ పిల్లను తాగొద్దంటే అమ్మోరు ఒప్పుకుంటాదా?”

చెంగల్రాయుడు తువ్వాలను ఒకసారి మడత పెట్టాడు. విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

“నేను తాగి శానా ఏండ్లయింది” అన్నాడు.

“ఏంది?”

“కాలేయం సెడిపోయిందని వేలూరులో డాక్టరు సెప్పినాడు. సుక్క పడితే పోతావన్నాడు. పూజారి గుక్క తాగకపోతే మీరంతా ఏమనుకుంటారో అని భయం. అందుకని నోట్లో పోసుకున్నట్టు పోసుకుని, మూతి తుడుసుకునే వంకతో తువ్వాలలోకి వదిలేస్తా ఉండా.”

వెనక వరసలోంచి ఆయన భార్య లేచి నిలబడింది. “అందుకేనా జాతర జాతరకీ ఆ తువ్వాల అంత కంపు కొట్టేది! తాగి తాగి దాని మీద పడుకున్నావని ఇన్నేండ్లూ నిన్ను తిట్టుకుంటా ఉతికినా గదా నేను!”

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. వీధిలోకి కూడా వినిపించేంత నవ్వు. చెంగల్రాయుడు కూడా నవ్వాడు, తర్వాత కళ్ళు ఒత్తుకున్నాడు.

“అమ్మోరు ఒక్క తూరి గూడా నన్నేమీ అనలేదప్పా” అన్నాడు మునిచంద్రతో. “ఇన్ని జాతరలు సేయించుకునింది. నన్ను బతకనిచ్చింది. నేను దొంగతనంగా సేసిందే ఆయమ్మ ఒప్పుకుంటే, ఈ పిల్ల నేరుగా అడిగితే ఒప్పుకోదా?”

“మరి మొక్కు తీరేదెట్ల? దోసిట్లో ఏదో ఒకటి పడాల గదా” అన్నాడు మునిచంద్ర. ఈసారి వాదన కోసం కాదు, నిజంగానే అడిగాడు.

“ఆడి నెలలో అమ్మోరి ముందర ఏం పెట్టుకుని కూర్చుంటాము?” అంది గురవమ్మ. “అంత పెద్ద సట్టిలో అంబలి కాచి పెడ్తాము. మొదట అమ్మోరికి పోసి, తర్వాత ఊరంతా తాగుతాము. అమ్మోరు తాగిన అంబలి తీర్థం కాదా? అది పొయ్యి.”

చెంగల్రాయుడు ఆలోచించాడు. “సాక అమ్మోరికి. అంబలి పిల్లకి” అన్నాడు మెల్లగా, ఒకటికి రెండుసార్లు. అలా అనుకుంటూనే లేచి వెళ్ళాడు. మగ్గాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి.

ఆదివారం పొద్దున్నే లోహిత వచ్చింది. అందరికీ తెలిసిపోయిందని వరదమ్మ ముందే ఫోనులో చెప్పినా, వీధిలో అడుగు పెట్టేసరికి ఆమె మొహం బిగుసుకునే ఉంది. గురవమ్మ ఉల్లిపాయలు తరిగే కత్తితోనే ఎదురొచ్చి, “వచ్చినావా మల్లికా? నాకు సెప్పకుండా తాగి, నాకు సెప్పకుండా మానేస్తివి. నీకు అంబలిలో ఎర్రగడ్డ వెయ్యను పో” అంది. లోహిత నవ్వింది.

తలస్నానం చేసి తడిబట్టలతో గుడి ముందు నిలబడింది. ఈ సీసాలో ఉన్నది టీ కాదు. చెంగల్రాయుడు మూత తీశాడు. వాసన వరదమ్మ దాకా వచ్చింది. కూతురి ముక్కుపుటాలు కదలడం చూసింది. పరుగున వెళ్ళి ఆ సీసా లాక్కోవాలనిపించింది. సొంత చేత్తో పోయాలన్నది పద్ధతి. వరదమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

లోహిత సీసా అందుకుంది. అమ్మవారిని చూసింది. ఊపిరి బిగబట్టి, సీసాను ఒక్కసారిగా బోర్లించింది. సగం అమ్మవారి ముందు రాతి మీద పడింది, సగం చెంగల్రాయుడి కాళ్ళ మీద పడింది.

“నాకు కాదు మే, అమ్మోరికి!” అని ఆయన ఎగిరి గంతేశాడు.

“ఇంగ ఈ పంచె గూడా నేనే ఉతకాల!” అని ఆయన భార్య అరిచింది.

సీసా అడుగున చుక్క కూడా మిగల్లేదు. లోహిత దాన్ని నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తర్వాత దోసిలి పట్టింది. వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. చెంగల్రాయుడు అమ్మవారి సట్టిలోంచి గరిటెతో అంబలి తీసి ఆ దోసిట్లో పోశాడు. లోహిత ముందు వాసన చూసింది. అలవాటు. చుట్టూ ఉన్నవాళ్ళు పెళ్ళి కథ గుర్తొచ్చి నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే తాగేసింది. అంబలి గడ్డం మీదుగా కారింది.

“ఇంగొంచెం పొయ్యి తాతా.”

“తీర్థం ఒక తూరే.”

“తీర్థం అయిపోయింది. ఇది ఆకలికి.”

ఆమె వెనక ఇంకా సాక మొక్కున్న మగవాళ్ళు వరసలో ఉన్నారు. మునిచంద్ర వంతు వచ్చింది. అతను సీసా పోసి, అడుగున మిగిలింది చూసుకుంటూ ఆత్రంగా దోసిలి పట్టాడు. గురవమ్మ వెనక నుంచి వచ్చి అతని దోసిలిని సట్టి వైపు తిప్పింది.

“సిన్నాయనా, మా ఆయనకి గూడా దీంట్లోదే పొయ్యి.”

“నాకేం రోగం!” అన్నాడు మునిచంద్ర.

“వచ్చేదాకా ఉండాల్నా?”

చెంగల్రాయుడు గరిటె పట్టుకుని ఇద్దరినీ చూశాడు. అంబలి పోశాడు. మునిచంద్ర గొణుగుతూ తాగాడు. వరసలో అతని వెనకున్న వాడి భార్య అప్పటికే పక్కకు వచ్చి నిలబడి ఉంది. చెంగల్రాయుడు ఈసారి అడగకుండానే గరిటెను సట్టిలో ముంచాడు. మిగిలిన సీసాలు అమ్మవారికే పూర్తిగా పోశారు. గుడి ముందు రాయి మీద ఈగలు ముసిరాయి. ఆ వాసన సాయంత్రం దాకా వీధిలో ఉంది గానీ వరదమ్మకు అది ఇక భయం పుట్టించలేదు.

వరస అయిపోయాక గానీ, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఆమెకు తెలియలేదు. గురవమ్మ ఇచ్చిన అంబలి నిలబడే తాగింది, రెండోసారి కూడా పోయించుకుంది.

మర్నాడు షూటింగు ఉందని లోహిత మధ్యాహ్నమే బయలుదేరింది. మల్లిక కథకు ముగింపు దొరికిందని మోహన్‌కృష్ణకు ఫోనులో చెబుతోంది. పూజారి కాళ్ళ మీద పడిందా అని ఆయన అటువైపు నవ్వుతుంటే వరదమ్మకు కూడా వినపడింది. చెంగల్రాయుడు బస్టాండు దాకా వచ్చి, ఆ టీవీ పూజారికి హారతి కుడి చేత్తో ఇవ్వమని చెప్పమ్మా, మరిచిపోవద్దు అని రెండుసార్లు చెప్పాడు.

తిరుపతి బస్సు వచ్చింది. లోహిత కిటికీ పక్కన కూర్చుంది. ఎప్పుడూ బస్సు కదిలేదాకా వరదమ్మ కిటికీ ఊచ పట్టుకుని, జాగ్రత్త మే, చేరగానే ఫోను చెయ్యి, గదిలో ఒంటరిగా ఉండొద్దు, ఎవరు పిలిచినా పోవద్దు అని ఒకదాని వెంట ఒకటి చెబుతూనే ఉంటుంది. ఈసారి జాతరకు అరువు తెచ్చిన గిన్నెలు ఎవరివి ఎవరికి ఇవ్వాలో మాట్లాడుకుంటుండగానే బస్సు కదిలింది. లోహిత చెయ్యి ఊపింది. వరదమ్మ కూడా ఊపింది.

జాగ్రత్త చెప్పలేదన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. ఒక్క క్షణం ఆగింది. ఫోను తీయలేదు. గురవమ్మ గిన్నె ఇంకా కడగాలి అనుకుంటూ ఇంటికి నడిచింది.